ఏడు జడల సాక్ష్యం

మిస్ పెర్ల్ చనిపోయిన నెలకు ఆమె చెల్లెలు బర్మింగ్‌హామ్ నుంచి నాకొక పార్సిలు పంపింది. గోధుమరంగు కాగితం విప్పితే లోపల గుండ్రటి బిస్కెట్ల డబ్బా. మూత మీద గులాబీల బొమ్మ, అంచున తుప్పు. చూడగానే గుర్తుపట్టాను. అయినా వెంటనే తెరవలేదు. ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. పరాయి ఇంటి నుంచి వచ్చిన ఏ గిన్నెనైనా, ఏ సీసానైనా ముందు వాసన చూడడం నాకు నాయనమ్మ నుంచి వచ్చిన అలవాటు. ఇన్నేళ్ళ ప్రార్థన కూడా దాన్ని పూర్తిగా మాన్పలేదు. పైన పిప్పరమెంటు వాసన, దాని అడుగున బాగా పాతబడ్డ కొబ్బరినూనె వాసన. ఆ రెండో వాసన నాది. అప్పుడు మూత తీశాను. నార్తాంప్టన్‌లో మా వంటింట్లో, స్కూలు యూనిఫాంలో నిలబడి టోస్టు తింటున్న నా కూతురు డబ్బాలోకి తొంగి చూసింది.

“మమ్, ఈజ్ దట్ హెయిర్?”

“ఊఁ.”

“హూజ్?”

“ఒక ఆంటీది. నీకు తెలీదు.”

“దట్స్ సో క్రీపీ,” అని టోస్టు పట్టుకుని వెళ్ళిపోయింది. ఒకప్పుడు నేనూ ఇదే మాట అన్నాను, తెలుగులో, నలభై మంది విశ్వాసుల ముందు నిలబడి. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా నాయనమ్మ తల సంగతి చెప్పాలి.

మాది పాలమూరు వైపు. అక్కడ జడ వేసుకోవడం వేరు, జడ కట్టడం వేరు. మూడు పాయలు తీసి అల్లుకునే జడ ఎవరైనా వేసుకుంటారు. కట్టే జడ దానంతటదే కడుతుంది. ఒక ఆడపిల్ల తలలో వెంట్రుకలు దువ్వెనకు లొంగకుండా ఉండలు చుట్టుకుని తాడులా కిందికి దిగితే, అమ్మవారు వచ్చి ఆ తల మీద కూర్చుందని ఊరు తీర్మానిస్తుంది. ఇక దాన్ని దువ్వకూడదు, కోయకూడదు. పసుపు పూసి మొక్కుతారు. ఆ పిల్లకు పెళ్ళి ఉండదు, దేవతకు విడిచేస్తారు. అలా విడిచిన పిల్ల ఊళ్ళో ఎవరెవరి పాలవుతుందో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. మా నాయనమ్మకు పదమూడో ఏట అలాంటి జడ కట్టింది. విడిచే రోజు కూడా ఖాయమయ్యాక, ఊరూరా తిరిగి వాక్యం చెప్పే బైబిలమ్మ ఒకామె వచ్చి కత్తెరతో ఆ జడ కోసి పొయ్యిలో వేసింది. ఎల్లమ్మ అనే పిల్ల బాప్తిస్మం తీసుకుని శాంతమ్మ అయింది. మా ఇంటి విశ్వాసం మొదలైంది ఆ పొయ్యి దగ్గరే.

అందుకే మా ఇంట్లో తల అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ఆదివారం ఆరాధనకు చిక్కు తలతో పోవడం పాపంతో పోయినట్టేనని నాయనమ్మ నమ్మకం. శనివారం పొద్దున్నే కుంకుడుకాయలు దంచే చప్పుడుతో నాకు మెలకువ వచ్చేది. వేడినీళ్ళలో పిసికిన ఆ నురుగు కళ్ళలో పడి మండేది. “మండనీ, కండ్లు గూడ కడిగినట్టయితది,” అనేది. తల ఆరబెట్టడానికి చుట్టుపక్కల ఇళ్ళలో సాంబ్రాణి పొగ వేసేవాళ్ళు. మా ఇంట్లో వేసేవాళ్ళం కాదు, అది అవతలి దేవుళ్ళ వాసన అని. ఆరిన తలకు నూనె కారేటట్టు పెట్టి, నన్ను మోకాళ్ళ మధ్య బిగించుకుని దువ్వడానికి కూర్చునేది. అది దువ్వడం కాదు, సోదా చేయడం. మెడ వెనక, చెవుల వెనక, పాయ పాయా విడదీసి వెతికేది. దువ్వెన ఎక్కడైనా ఆగితే ఆమె ఊపిరి కూడా ఆగేది. “చిక్కు ఉంచుకుంటె సైతాను గూడు కడ్తడే,” అని ఆ ముడి విడిపోయేదాకా లాగేది. నేను ఏడిస్తే కూడా ఆగేది కాదు. దువ్వెనలో మిగిలిన వెంట్రుకల్ని వేలికి చుట్టి తనే పొయ్యిలో వేసి, మొత్తం కాలేదాకా నిలబడేది. మన వెంట్రుక పరాయి చేతిలో పడితే బాణామతి చేస్తారని ఆమె భయం. ప్రభువును నమ్ముకున్నావు కదా, ఇంకా బాణామతికి భయమేమిటని మా నాన్న ఎగతాళి చేస్తే, “నమ్ముకున్న కాబట్టే జాగర్తగ ఉంట,” అనేది.

ప్రతి క్రైస్తవ కుటుంబానికీ ఒక సాక్ష్యం ఉంటుంది. ఎక్కడి నుంచి లేపబడ్డామో సంఘం ముందు నిలబడి చెప్పుకునేది. మాది జడ సాక్ష్యం. నాన్న చెప్పేవాడు, పెదనాన్న చెప్పేవాడు, ఏడేళ్ళప్పుడు సండే స్కూల్లో స్టూలెక్కి నేనూ చెప్పాను. చెప్పీ చెప్పీ అది నునుపుదేలింది. జడ కట్టింది, బైబిలమ్మ వచ్చింది, కత్తెర తీసింది, కోసింది, కాల్చింది, హల్లెలూయ. రెండు నిమిషాల్లో అయిపోయేది. నాయనమ్మ మాత్రం ఎప్పుడూ లేచి చెప్పలేదు. కొంగు తలమీదికి లాక్కుని ముందు వరసలో కూర్చుని వినేది.

మాస్టర్స్ చదవడానికి లీడ్స్ వచ్చేటప్పుడు ఆమె నా పెట్టెలో పెట్టింది ఒక్కటే వస్తువు. మా ఊరి పాస్టరుగారు చేతులుంచి ప్రార్థించిన కొబ్బరినూనె, పెద్ద సీసా. తలనొప్పి వచ్చినా, చెడ్డ కల వచ్చినా రాసుకోమంది. లీడ్స్‌లో తెలుగువాళ్ళ సహవాసం ఒక హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు కూడుకునేది. సంఘ పెద్ద గారి భార్య సుజాత ఆంటీ గుంటూరు వైపు మనిషి, ఆసుపత్రిలో నర్సు. మా అమ్మతో ఫోన్లో ఒక్కసారి మాట్లాడి నా బాధ్యత నెత్తిన వేసుకుంది. నాకు గది చూసిపెట్టింది కూడా ఆమే. “మా వార్డులో ఒకామెకి తెలిసినావిడ. బళ్ళో పిల్లలకి అన్నం వడ్డిస్తది. నల్లావిడే గానీ మంచి విశ్వాసి, నీకేం భయం లేదు,” అంది. ఆ ‘గానీ’ నాకు అప్పుడు తప్పుగా తోచలేదు. నేనూ అలాగే అనేదాన్ని.

ఎత్తు మీద ఎర్ర ఇటుకల వరస ఇళ్ళలో చివరిది మిస్ పెర్ల్ ఇల్లు. ఆమె చర్చిలో అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. యాభై అయిదేళ్ళుంటాయి. నున్నగా దువ్విన పొట్టి జుట్టు, గోడ మీద వాక్యం రాసిన పలక, పొయ్యి మీద సూపు. రెండు రోజులు ప్రభువుకు వందనాలు చెప్పుకున్నాను. మూడో రోజు పొద్దున ఆమె మెట్ల మీద ఎదురొచ్చింది. ఆ నున్నటి జుట్టు లేదు, అది విగ్గు. తల నిండా వేలెడు పొడవున చిన్న చిన్న తాళ్ళు. పేనినట్టు, ఉండలు కట్టి, దువ్వెన ముఖం చూడనివి. 

“ఏం లవ్,” అంది, ఆ ఊళ్ళో అందరూ అందరినీ పిలిచే పిలుపుతో. “దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావు?” అని నవ్వింది. నేను చూస్తున్నది సరిగ్గా దాన్నే అనుకున్నాను కాబట్టి నవ్వలేకపోయాను. “వీటిని లాక్స్ అంటారు, పెంచుతున్నా. ఇంకా పసివి. ఏడాది కూడా నిండలేదు,” అంది, తల తడుముకుంటూ. జుట్టును పట్టుకుని పసివి అనడం నాకు నచ్చలేదు.

అప్పటి నుంచి నేను ఆ ఇంట్లో అద్దెకున్నానని చెప్పడం కంటే కాపలా కాశానని చెప్పడం నిజం. ఆమె తల దువ్వేది కాదు. మూడు వారాలకొకసారి గానీ తలస్నానం చేసేది కాదు, ఎక్కువ కడిగితే కట్టుకోవడం ఆలస్యమవుతుందట. పడుకునేటప్పుడు తలకు పట్టుగుడ్డ బిగించి కట్టేది. ముందు గదిలో తెల్లటి థర్మోకోల్ తలకాయ మీద ఆమె విగ్గు, కళ్ళు లేని ముఖంతో మెట్ల వైపే చూస్తూ ఉండేది. నేను దాని ముందు నుంచి పోయినప్పుడల్లా నాలో నేను యేసు నామం అనుకునేదాన్ని. నెలలో ఆఖరి శనివారం భోజనాలయ్యాక వంటింటి బల్ల మీద ఆమె సరంజామా దిగేది. చిన్న అద్దం, తోక దువ్వెన, ఇనుప క్లిప్పులు, పన్నీరు చిమ్మే సీసా, షియా గింజల వెన్నలో పిప్పరమెంటు కలిపిన గాజు డబ్బా. ఒక్కో తాడు కుదురు దగ్గర మొలిచిన కొత్త వెంట్రుకను తడిపి, బియ్యపు గింజంత వెన్న వేళ్ళకు రాసుకుని, మెలితిప్పి క్లిప్పు పెట్టేది. ఎప్పుడూ ఒకే వైపుకు తిప్పేది. ఎందుకని అడిగాను.

“ఓసారి ఇటూ ఓసారి అటూ తిప్పితే పట్టు కుదరదు లవ్. పిల్లల పెంపకం లాంటిదే,” అంది. తిప్పుతున్నంతసేపూ ఆమె పెదవులు కదులుతూనే ఉండేవి. శబ్దం బయటికి వచ్చేది కాదు.

ఒక శనివారం ఆమె తల వంచి నడినెత్తి చూపించింది. అక్కడ చర్మం ప్లాస్టిక్ లాగా నున్నగా మెరుస్తోంది. ముప్పై ఏళ్ళు జుట్టు తిన్నగా కావడానికి పూసుకున్న క్రీము కాల్చిన చోటు అది. క్లినిక్‌లో డాక్టరు ఇక ఆ క్రీము ముట్టవద్దన్నాకే ఆమె ఈ పనికి దిగిందట. ఆ కాలిన చోటు చుట్టూ సన్నగా, దారాల్లా, ఏడంటే ఏడు లాక్స్.

“ఈస్టరు తర్వాతి ఆదివారం మా చర్చి వార్షికోత్సవం. ముప్పై ఏళ్ళుగా విగ్గు పెట్టుకుని పాడాను, కృపా. దేవుడిచ్చిన తలతో ఆయన ముందు ఒక్కసారి నిలబడాలని కోరిక. ఇవి పెరిగితే ఈ చోటు కప్పుకుంటాయి. ఈ ఏడూ నిలబడితే నేనూ నిలబడతా,” అంది.

మొక్కుబడి, ఏడు అనే లెక్క, నెలకొకసారి తంతు. నా తలలో ఒకదాని పక్కన ఒకటి చేరుతున్నాయి. ఆ తర్వాతి వారం వేడినీళ్ళ ట్యాంకు పక్కన బట్టలు ఆరబెట్టే అలమరలో తువ్వాలు కోసం వెతుకుతుంటే గులాబీల మూత డబ్బా దొరికింది. తెరిచాను. లోపల ఉండలు ఉండలుగా నల్లటి గిరజాల వెంట్రుకలు. వాటి మధ్య మెలికలు తిరిగి పొడుగాటి, తిన్నని వెంట్రుక ఒకటి. నాది. అదే నెలాఖరు శనివారం ఆమె నడినెత్తిన ఏడింటిలో ఒకదాన్ని తిప్పుతుండగా గొణుగుడు కాస్త పైకి వచ్చింది. ‘కృప’ అన్న మాట స్పష్టంగా విన్నాను.

మర్నాడు ఆరాధన తర్వాత హాలు వెనక సుజాత ఆంటీని పట్టుకున్నాను.

“నీ పేరా? సరిగ్గా విన్నావా?” అంది.

“విన్నాను ఆంటీ. డబ్బాలో వెంట్రుకలు కూడా చూశాను. ఒకటి నాదే.”

ఆమె టీ కప్పు కింద పెట్టేసింది. “యేసు రక్తమే జయం. ఏ తల్లి కన్నబిడ్డవో, ఎక్కడికి తెచ్చి పడేశానమ్మా నిన్ను. ఖాళీ చేసెయ్.”

“ఈ మంచులో ఎక్కడికి పోను?”

ఆంటీ కాసేపు కళ్ళు మూసుకుంది. తెరిచాక గొంతు మారింది. “ప్రార్థన నూనె ఉందా నీ దగ్గర?”

“ఉంది. మా ఊరి పాస్టరుగారు చేతులుంచింది.”

“మరింకేం? మీ నాయనమ్మ సాక్ష్యం నువ్వే కదూ మాకు చెప్పింది. దేవుడు నిన్ను ఏరికోరి ఆ ఇంట్లోనే ఎందుకు పెట్టాడనుకుంటున్నావ్?”

ఆ మాట నా ఒంట్లోకి వేడిలా పాకింది. చలికి నా నూనె సీసాలో కొవ్వొత్తిలా గడ్డకట్టి ఉండేది. రేడియేటర్ మీద పెట్టి కాస్త మెత్తబడ్డాక, మిస్ పెర్ల్ పనికి వెళ్ళిన వేళ, చెంచాతో తీసి ఆమె వెన్న డబ్బాలో కలిపాను. తెలుపులో తెలుపు, పిప్పరమెంటు వాసన కింద కొబ్బరి వాసన అణిగిపోయింది. వారానికి రెండు చెంచాలు, అయిదు వారాలు. నూనె చాలదేమోనని నా తలకు పెట్టుకోవడం మానేశాను. నూనె ముందు ఏ జడా నిలవదని పాలమూరు ఆడవాళ్ళకు తెలుసు. నేను కత్తెర పట్టిన బైబిలమ్మంత ధైర్యవంతురాలినని అనుకున్నాను. ఒకటి మాత్రం నిజం: ఆమె నన్ను నమ్మి ఇంటి తాళంచెవి ఇచ్చిందన్న సంగతి ఆ అయిదు వారాల్లో ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

ఈస్టరు ఇంకా పదిహేను రోజులుందనగా ఒక శనివారం మంచినీళ్ళకని కిందికి దిగాను. మిస్ పెర్ల్ తడి తలతో బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు ఒక సాసరు. సాసరులో చనిపోయిన పురుగుల్లా ఏడు ముక్కలు. ఈమధ్య తలంతా జిడ్డుగా ఉంటోందని గట్టిగా కడిగిందట. మిగతావి వదులయ్యాయి గానీ పట్టుకున్నాయి. నడినెత్తివి మాత్రం చేతిలోకి వచ్చేశాయి.

“జారిపోయాయి,” అంది.  ఏడవలేదు. వేలితో వాటిని ఒక వరసగా సర్దుతూ కూర్చుంది.

“అయ్యో,” అన్నాను పైకి. లోపల స్తోత్రం అన్నాను.

మర్నాడు సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. నాయనమ్మ జడతో మొదలుపెట్టి, మెట్ల మీద ఎదురైన తల, డబ్బాలో వెంట్రుకలు, నూనె, రాలిన ఏడు జడలు. అవి ఎంత అసహ్యంగా ఉన్నాయో కూడా వర్ణించాను. నా జీవితంలో అన్ని చప్పట్లు మళ్ళీ ఎప్పుడూ వినలేదు. సుజాత ఆంటీ కళ్ళు తుడుచుకుంది. ఆమె భర్త, సంఘ పెద్ద అంకుల్, హల్లెలూయ అని మూడుసార్లు అరిచారు. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ నా ముఖం వెలుగుతోందనే అనుకున్నాను.

తలుపు తీసేసరికి వంటింటి బల్ల మీద వెన్న డబ్బా, దాని పక్కన నా నూనె సీసా, నిన్నటి సాసరు పెట్టి ఉన్నాయి. మిస్ పెర్ల్ తన చర్చి బట్టలు కూడా మార్చుకోలేదు.

“కూర్చో,” అంది. “నీ జుట్టు ఎండిపోయింది, కృపా. నెల రోజులుగా చూస్తున్నా. నూనె లేకుండా గుమ్మం దాటని పిల్లవి. నీ సీసా చూస్తే సగం ఖాళీ. ఇందాక ఈ వెన్న అరచేతిలో వేసి బాగా కరిగిస్తే నీ తల వాసన వచ్చింది. ఇదేం నూనె?”

“ప్రార్థన నూనె.”

“ఏమని ప్రార్థన?”

అబద్ధం చెప్పవచ్చునన్న ఆలోచన వచ్చింది. వచ్చినంత వేగంగా పోయింది. “మీ తల మీద కూర్చున్నది దిగిపోవాలని.”

“నా తల మీద ఏం కూర్చుంది?”

చెప్పాను. నాయనమ్మ జడ, బాణామతి, అలమరలో డబ్బా, నా పేరు. ఆమె మధ్యలో ఒక్క మాటతోనూ అడ్డం రాకుండా విన్నది. 

“నేను గొణిగేది ప్రార్థనే, పిల్లా. డెబ్బై మూడు లాక్స్, డెబ్బై మూడు పేర్లు. మా బడి పిల్లలు, మా చెల్లెలు, నాతో మాట్లాడని అన్న. చేతులు తిరుగుతుంటే నోరు ఊరికే ఎందుకుండాలి? డబ్బాలోవి రాలిన నా వెంట్రుకలు. సన్నబడ్డ లాక్స్‌కి అవే చుట్టి అతుకు వేసుకుంటా. ఆ ఏడూ అతుకులే. నూనె తగిలితే అతుకు జారుతుంది. ఇక నీ వెంట్రుకంటావా, నీ వెంట్రుక లేని చోటు ఈ ఇంట్లో ఎక్కడుంది? మొన్న నా సూపులో కూడా వచ్చింది.”

ఇంకొక రోజైతే ఇద్దరం నవ్వేవాళ్ళం.

“నీ పేరు నడినెత్తిన పెట్టాను. కొత్త పిల్ల, ఇల్లు దూరం, అతుకు గట్టిగా ఉండాలి అనుకున్నా.” సాసరు నా ముందుకు జరిపింది. “వీటిలో ఒకటి నీదే. ఏరుకో.” లేచి మేడ మీదికి వెళ్ళిపోయింది.

తెల్లవారి కాలేజీకి పోకుండా బస్టాపులో నిలబడి, కాలింగ్ కార్డు గీకి నాయనమ్మకు ఫోన్ చేశాను. ఏడుస్తూ మొత్తం చెప్పాను. ఆమె నన్ను సమర్థిస్తుందని లోపల ఎక్కడో ఆశ ఉంది. జడ అంటే ఏమిటో ఆమె కంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

“ఆమెను అడిగినవా బిడ్డా?” అంది.

“ఏమని అడగాలె నాయినమ్మా?”

“తీయనా అని. నన్ను బైబిలమ్మ అడిగింది. మూడు దినాలు మా అరుగు మీద కూసోని అడిగింది. మా నాయిన తిట్టిండు, కుక్కను ఉసిగొల్పిండు. కదల్లే. ‘నీ తల నీదే ఎల్లమ్మా, నీకు ఇష్టమైతెనే,’ అన్నది. మూడో దినం నేను ఊఁ అన్నంక కత్తెర దీసింది. ఊఁ అనకపోతె లేసి పోతుండె.”

“ఇది ఎన్నడు చెప్పలేదు గదా నువ్వు?”

“మీ నాయిన చెప్పేటప్పుడు గా ముచ్చట ఇడిసిపెడ్తుండె. నన్ను ఎవలన్న అడిగిండ్రా?”

కార్డులో నిమిషాలు అయిపోయి ఫోన్ తెగింది. రెండు తరాలు చప్పట్లు కొట్టించుకున్న మా సాక్ష్యంలో కత్తెర మిగిలింది, పొయ్యి మిగిలింది, అరుగు మీది మూడు రోజులు రాలిపోయాయి. రెండు నిమిషాల్లో ఇమడవు కాబట్టి.

ఆ వారం నా వాక్యపఠనంలో, గాడిద దవడ ఎముకతో శత్రువులను కొట్టిన న్యాయాధిపతి కథ వచ్చింది. ఆయన తలకు ఏడు జడలుండేవని చిన్నప్పటి నుంచీ చదువుతున్నదే. దేవుడు ముట్టవద్దన్న తల అది. ఒక స్త్రీ ఆయనను తన ఒడిలో నిద్రపుచ్చి, ఆ నిద్రలో ఏడూ గొరిగించింది. ఆ కథ విన్న ప్రతిసారీ నన్ను నేను ఆ బలవంతుడి పక్షాన ఊహించుకున్నాను. ఒడి ఎవరిదో ఆ రోజు తెలిసింది. బైబిలు మూసి ముఖం దుప్పట్లో దాచుకున్నాను.

ఖాళీ చేయమంటుందని రోజూ ఎదురుచూశాను. శనివారం భోజనాలయ్యాక కింది నుంచి కేక వేసింది. “చేతులు కడుక్కునిరా. సబ్బుతో, రెండుసార్లు.” వెళితే కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని ఉంది. తోక దువ్వెన నా చేతికిచ్చింది. నడినెత్తి చుట్టూ గోరంత వెంట్రుకలు ఉన్నాయి. వాటిని మళ్ళీ పాయలు తీసి మెలితిప్పాలి. పాలమూరులో ఏ జడనైతే కంటితో చూడడమే దోషమనుకున్నానో దాన్ని నా చేత్తో కట్టాలి.  ఆమె చర్మం వెచ్చగా, చంటిబిడ్డ మాడులా మెత్తగా ఉంది.

“ఒకే వైపు,” అని గుర్తు చేసింది. “నోరు కూడా వాడు.”

ఎవరి పేర్లు చెప్పాలో తెలియక ముందు ఆమె పేరే చెప్పాను.

వార్షికోత్సవం రోజున ఆమె విగ్గు పెట్టుకుంది. నేను చివరి వరసలో కూర్చున్నాను. ఎలా పాడిందని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఆ నున్నటి పరాయి జుట్టును చూస్తూ ఉండిపోయాను, పాట వినబడలేదు. ఆ మరుసటి ఏడు ఉద్యోగం దొరికి నార్తాంప్టన్ వచ్చేశాను గానీ ఆ ఆదివారానికి పొద్దున్నే కోచ్ ఎక్కి లీడ్స్ వెళ్ళాను. ఆమె ఉత్త తలతో నిలబడింది. చెవులు దాటిన లాక్స్ వెనక్కి కట్టి, నడినెత్తిన మేం మళ్ళీ పెంచిన పొట్టివి నిక్కబొడుచుకుని ఉన్నాయి. ముందు వరసలో టోపీలు పెట్టుకున్న పెద్దమ్మలు ఒకరినొకరు చూసుకున్నారు. అనుమానించడం మా సంఘంలో మాత్రమే కాదన్నమాట. ఆ రోజు పాట మొత్తం విన్నాను.

ఇప్పుడు నా కూతురి తల దువ్వేటప్పుడు చిక్కు విడిపోవడానికి ఏదో స్ప్రే కొడతాను. ముట్టుకునే ముందు “దువ్వనా?” అని అడుగుతాను. “మమ్, జస్ట్ డూ ఇట్,” అని విసుక్కుంటుంది. నాయనమ్మ మోకాళ్ళ మధ్య బిగిసిన నా మెడకు ఆ విసుగు ఎంత విలాసంగా వినబడుతుందో దానికి తెలియదు. కానీ నేను పూర్తిగా మారిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. దువ్వెనలో మిగిలిన వెంట్రుకల్ని ఈనాటికీ వేలికి చుట్టి కాగితంలో పెట్టి గానీ పారేయను. ఎవరి డబ్బానైనా ఈనాటికీ వాసన చూస్తాను. మారింది ఒక్కటే. అనుమానం వచ్చినప్పుడు మొదట నా చేతుల్నే వాసన చూసుకుంటాను.

మిస్ పెర్ల్‌కు చెప్పుకున్నాను, దేవుడికి చెప్పుకున్నాను. సంఘానికి మాత్రం మొన్నటి దాకా చెప్పలేదు. అంకుల్ ఉద్యోగం మారి సుజాత ఆంటీ వాళ్ళు రెండేళ్ళ కిందట ఇక్కడికే వచ్చారు, మా సహవాసంలోనే ఉన్నారు. నేను ఆనాడు చెప్పిన సాక్ష్యం నాతో పాటు లీడ్స్ వదలలేదు, నాకంటే ముందే ఊళ్ళు తిరిగింది. పార్సిలు వచ్చిన వారమే, ఈ సెప్టెంబరులో మాస్టర్స్‌కు వచ్చిన దీవెన అనే అమ్మాయి హాలు బయట నన్ను పక్కకు పిలిచింది. నెల్లూరు పిల్ల, పుట్టుకతో ఉంగరాల జుట్టు. తలమీది చున్నీ కాస్త జరిపి చూపించింది. వేలెడు పొడవున లాక్స్, పసివి.

“నా జుట్టుకి ఇదే సుఖంగా ఉందక్కా. వేరే ఏం లేదు, నిజంగా. కానీ సుజాత ఆంటీ వచ్చే ఆదివారం నన్ను ముందుకు పిలిచి నూనె పెడతారంట. లీడ్స్‌లో ఎవరో అక్క నూనె పెడితే ఏడు జడలు రాలిపోయాయంట కదా? అందరూ అదే చెప్తా ఉన్నారు. ఆ అక్క ఎవరో మీకు తెలుసా? ఒకసారి మాట్లాడతాను.”

“నిన్ను అడిగారా? నూనె పెట్టనా అని?”

“లేదక్కా.”

ఆ ఆదివారం గులాబీల డబ్బా చేతిసంచిలో వేసుకుని వెళ్ళాను. బల్ల మీద చిన్న నూనె గిన్నె అప్పటికే పెట్టి ఉంది. దీవెన మూడో వరసలో తల వంచుకుని కూర్చుంది. సాక్ష్యాలెవరైనా ఉన్నాయా అని అంకుల్ అడగగానే లేచాను. ఆంటీ ముఖం విప్పారింది. “మన కృపే! వినండి, ఆ ఏడు జడలది ఈ పిల్లే. సొంత నోటితో చెప్తది,” అని పక్కవాళ్ళను మోచేత్తో పొడిచింది. చప్పట్లు మొదలయ్యాయి. ముందుకు నడిచి, నూనె గిన్నె పక్కకు జరిపి, ఆ చోట డబ్బా పెట్టి మూత తీశాను. అడుగున, దారంతో ఒక్కటిగా కట్టిన ఏడు ముక్కలు. ఆమె వాటిని పారేయలేదు. ఏరుకోమన్న రోజున నేను ఏరుకోలేకపోయినది కూడా వాటిలోనే ఉంది.

చప్పట్లు ఆగేదాకా నిలబడ్డాను.

“ఇవి రాలినవి కావు,” అన్నాను. “నేను తీసినవి. ఆమెను అడగలేదు.”

ఎవరూ స్తోత్రం అనలేదు. మొదటి నుంచీ, అరుగు మీది మూడు రోజుల నుంచీ, చెప్పడం మొదలుపెట్టాను.